తాతగారి టేకు పెట్టెలో ఇంగ్లీషు ఫోర్కులు, చాకులు: కరిగించేముందు ఏం చూడాలి, విందులో ఎలా వాడాలి

అండీ, ముందు ఒక్క మాట. ఇది చదివేదాకా ఆ పెట్టెని ఇంకే షాపుకీ తీసుకెళ్ళకండి.

మీరు చెప్పినదాంట్లో నాకు అర్థమైంది ఇదీ. మీ తాతగారు మద్రాసు హార్బర్‌లో పనిచేసేటప్పుడు, 1947లో ఇంగ్లండ్ వెళ్ళిపోతున్న ఒక దొర సామాను వేలం వేస్తుంటే ఈ టేకు పెట్టె కొన్నారు, అప్పట్నించీ అది అటక మీదే ఉంది. ఇప్పుడు దింపి చూస్తే పెద్ద ఫోర్కులు 12, చేపల చాకులూ ఫోర్కులూ 12 జతలు, పసుప్పచ్చ పిడి ఉన్న చాకులు 12, లోపల బంగారు రంగున్న చిన్న స్పూన్లు 6, అంతకంటే బుల్లివి 4, ఇంకా రెండు పక్కలా సన్నటి కాలవలాగా ఉన్న పొడుగాటి వస్తువు ఒకటి. మీ ఊళ్ళో షాపాయన అంతా జర్మన్ సిల్వరే, తూకానికి ఇస్తే తీసుకుంటా అన్నాడు. వచ్చే నెల మీ ఇంగ్లీషు వియ్యంకుడు వియ్యపురాలు వస్తున్నారు, వాళ్ళకి వీటితో భోజనం పెట్టొచ్చా, ఎలా పేర్చాలి, ఎలా తోమాలి అని మీ ప్రశ్న.

నేను తెనాలి దగ్గర పల్లెలో పుట్టినా ఇరవై ఏళ్ళకి పైగా బర్మింగ్‌హామ్‌లో ఒక వేలం సంస్థలో వెండి సామాను చూసే పనిలోనే ఉన్నా. రోజూ చేతిలో ఫోర్కులు స్పూన్లే. కాబట్టి కాస్త వివరంగానే చెప్తా.

షాపాయన సగం కరెక్టే చెప్పాడు, కానీ ఆ మిగతా సగంలోనే మీ డబ్బంతా ఉంది. చేపల సెట్టు మీద ఈ.పి.ఎన్.ఎస్. అనీ ఏ1 అనీ ఉంది అన్నారు కదా, అది నిజంగానే పూత సామాను. లోపలున్నది నికెల్ సిల్వర్, అంటే రాగి నికెల్ జింకు కలిపిన లోహం, పేరులో సిల్వర్ ఉన్నా వెండి వీసమెత్తు కూడా ఉండదు. మనవాళ్ళు గృహప్రవేశాలకి రిటర్న్ గిఫ్టులుగా ఇచ్చే జర్మన్ సిల్వర్ కుంకుమ భరిణెలు ఉంటాయి చూడండి, అదే లోహం. దాని మీద కరెంటుతో వెండి పూత ఎక్కించే పద్ధతికి బర్మింగ్‌హామ్‌లోనే ఎల్కింగ్టన్ వాళ్ళు 1840లో పేటెంటు తీసుకున్నారు. ఏ1 అంటే పూత మందంగా వేశామని తయారీదారు తనకి తాను చెప్పుకునే మాట, అంతకు మించి దానికి అర్థం లేదు. కరిగిస్తే ఏమీ రాదు. కానీ 12 జతలూ పూర్తిగా, పెట్టెతో సహా ఉంటే ఆ సెట్టుకి సెట్టుగా విలువ ఉంటుంది, తూకంతో దానికి సంబంధం లేదు.

అసలు సంగతి ఆ పెద్ద ఫోర్కులు. వాటి కాడ వెనకాల నాలుగైదు గుర్తులు వరసగా ఉన్నాయన్నారు, నడిచే సింహం, ఏదో జంతువు ముఖం, ఒక అక్షరం, ఆడమనిషి తల, పక్కన రెండు ఇంగ్లీషు అక్షరాలు. ఇవి ఉంటే అది పూత కాదండీ, స్టెర్లింగ్ వెండి, వెయ్యికి 925 పాళ్ళు. నడిచే సింహం 1544 నుంచీ వాడుతున్న గుర్తు. జంతువు ముఖం చిరుతపులి తల, అది లండన్ పరీక్షా కేంద్రం ముద్ర. దాని నెత్తిన కిరీటం ఉందో లేదో చూడండి. 1821 దాకా కిరీటం ఉండేది, ఆ తర్వాత తీసేశారు. చిరుత బదులు లంగరు ఉంటే బర్మింగ్‌హామ్, ఒట్టి కిరీటం ఒక్కటే విడిగా ఉంటే షెఫీల్డ్. ఆడమనిషి తల విక్టోరియా రాణిది, వెండి మీద సుంకం కట్టారని దానర్థం, ఆ సుంకం 1890లో ఎత్తేశారు కాబట్టి మీ ఫోర్కులు విక్టోరియా గద్దెనెక్కిన 1837కీ 1890కీ మధ్యవి అని ఈ ఒక్క గుర్తుతోనే తేలిపోతుంది. సరిగ్గా ఏ ఏడాదో చెప్పేది ఆ ఒంటరి అక్షరం. అక్షరం ఒక్కటే చూస్తే చాలదు, దాని రాత తీరు, చుట్టూ ఉన్న డాలు ఆకారం కూడా కలిపి చూడాలి ఎందుకంటే అవే అక్షరాలు కొన్నేళ్ళకోసారి మళ్ళీ మళ్ళీ తిరిగొస్తాయి.

గుర్తులు సరిగ్గా కనపడకపోతే రుద్దకండి. మేము చేసేది చెప్తా. ఫోర్కుని కాస్త చల్లటి చోట పెట్టి, దాని మీద అద్దం మీద ఊదినట్టు నోటి ఆవిరి మెల్లగా ఊదండి, ఆ తేమ ఆరిపోయే రెండు మూడు సెకన్లలో ఫోన్ లైటు పక్కనుంచి ఏటవాలుగా కొట్టండి. మెరుపు చచ్చి గీతలు పైకి తేలతాయి. ఎవరైనా పాత వంశచిహ్నాన్ని చెరిపేసినా, విరిగిన చోట టంకం పెట్టి అతికినా, అది కూడా ఆ ఆవిరిలో బయటపడుతుంది. నేను ఈ పనిలో చేరినప్పుడు మొదట నేర్పిన విద్య ఇదే, ఇప్పటికీ రోజూ ఇదే చేస్తా.

గీటురాయి మీద గీయనివ్వొద్దు, ఆకురాయి అసలే వద్దు. ఎక్స్‌ఆర్ఎఫ్ మెషీన్లో, అంటే ఎక్స్‌రే కిరణాలతో లోహం ఏదో చెప్పే యంత్రంలో, పెట్టి చూపిస్తాం అంటారు కొందరు, అది చూసేది పైపొరనే కాబట్టి మందం పూత ఉన్న సామానుని కూడా మంచి వెండి అని చూపించొచ్చు, ముద్రలు చదవడం దానికంటే నమ్మకం.

ఆ ఫోర్కుల్ని ఒకదాని పక్కన ఒకటి వరసగా పెట్టి ముళ్ళ పొడుగు చూడండి. నాలుగు ముళ్ళూ సమానంగా ఉంటే సంతోషం. వాడగా వాడగా పళ్ళెం మీద రాపిడికి ఒక పక్క ముల్లు ఎక్కువ అరుగుతుంది. స్పూన్లయితే కుడిచేతివాళ్ళు వాడితే ఎడమ అంచు అరుగుతుంది. ఒకసారి ఒక ముసలావిడ ఇల్లు ఖాళీ చేస్తుంటే వెళ్ళా, వంటింటి సొరుగులో ఒక పెద్ద స్పూను, ఎడమ అంచు ఏటవాలుగా కోసేసినట్టుంది, గిన్నె అడుగు గీకీ గీకీ అలా అయింది. మా అమ్మమ్మ గరిటె కూడా అచ్చం అలాగే ఉండేది, అందుకే నాకు ఆ స్పూను ఇప్పటికీ కళ్ళముందు ఉంది. అరిగిన ముళ్ళని అమ్మేవాళ్ళు కోసి సమానం చేసేస్తారు, అప్పుడు ఫోర్కు పొట్టిగా మొద్దుగా కనపడుతుంది, విలువ బాగా పడిపోతుంది.

ఇక వీటితో భోజనం సంగతి. ఇన్ని రకాలు ఎందుకు, ఇంత పటాటోపం ఎందుకు అని మీరు రాశారు. చాలామంది దీన్ని డాబుసరి అనుకుంటారు గానీ ఇందులో చాలా పద్ధతులు లోహం స్వభావం నుంచి పుట్టినవే. అది తెలిస్తే ఏదీ బట్టీ పట్టక్కర్లేదు.

చేపల చాకే తీసుకోండి. మన ఇళ్ళల్లో ఇనప కత్తిపీట మీద పచ్చి అరటికాయో మామిడికాయో తరిగితే కత్తి నల్లబడి ముక్కకి కూడా ఆ నలుపు, ఆ ఇనప వాసన అంటుకుంటుంది కదా. అప్పటి ఇంగ్లీషు చాకులూ అలాంటి ఉక్కువే. చేప మీద నిమ్మకాయ పిండుకుంటారు, వెనిగర్ సాసు పోసుకుంటారు, ఉక్కు చాకు తగిలితే చాకూ పాడే చేపా పాడే. అందుకని అంతకుముందు చేపని రెండు ఫోర్కులతోనో, ఒక చేత్తో ఫోర్కు ఇంకో చేత్తో రొట్టె ముక్క పట్టుకునో తినేవాళ్ళు. వెండి అయితే నిమ్మరసానికి చలించదు, దాంతో వెండి రేకుతో, వెండి పూతతో చేపకంటూ విడిగా చాకు పుట్టింది. దానికి పదును లేదని మీరు కంగారు పడ్డారు, పదును అక్కర్లేదండీ, అది కోయడానికి కాదు, వెడల్పాటి రేకుని ముల్లు వెంట జార్చి కండని పైకి లేపడానికి. అందుకే దాన్ని మామూలు చాకులా గుప్పిట్లో కాకుండా పెన్సిల్ పట్టుకున్నట్టు పట్టుకుంటారు.

ఇందులో ఇంకో ముచ్చట ఉంది. పూత సామాను చవకయ్యాక కొత్తగా డబ్బొచ్చిన మధ్యతరగతి ఇళ్ళన్నీ చేపల సెట్లు కొనేశాయి, తరతరాల వెండి ఉన్న పాత జమీందారీ కుటుంబాలు మాత్రం వాటిని ఇంట్లోకి రానివ్వలేదు, మా తాతలకి లేనిది మాకెందుకు అని రెండు ఫోర్కులతోనే తినేవాళ్ళు. అంటే మనం అతి మర్యాద అనుకునే చేపచాకుని అక్కడి పెద్ద ఇళ్ళల్లో కొత్త డబ్బుకి గుర్తుగా చూసేవాళ్ళు! మీ వియ్యంకులు వాటిని చూసి ఆశ్చర్యపోతే ఈ కథ చెప్పండి, మంచి కబుర్లు నడుస్తాయి.

అదే కారణంతో ఆ చిన్న స్పూన్లకి లోపల బంగారు పూత. 6 ఉన్నవి గుడ్డు స్పూన్లయి ఉండాలి, ఉడకబెట్టిన గుడ్డులో గంధకం ఉంటుంది, అది వెండిని నిమిషాల్లో నల్లగా చేస్తుంది, బంగారాన్ని ఏం చెయ్యలేదు. 4 బుల్లివి ఉప్పువి. ఉప్పు వెండిని తినేస్తుంది, నల్లమచ్చలతో మొదలై గుంటలు పడతాయి, ఆ గుంటలు ఇక పోవు. అందుకే ఉప్పు గిన్నెలకి నీలం గాజు లోపలి గిన్నె పెట్టేవాళ్ళు, భోజనం అవ్వగానే ఉప్పంతా తీసేసేవాళ్ళు. దయచేసి ఆవకాయ జాడీలోనో, ఊరగాయ గిన్నెలోనో ఈ స్పూన్లు వేసి వదిలెయ్యకండి. ఉప్పూ ఆవపిండీ రెండూ వెండికి పగవాళ్ళే. మనవాళ్ళు ఊరగాయకి పింగాణీ జాడీ, చెక్క గరిటె వాడింది ఊరికే కాదు.

రెండు పక్కలా కాలవలున్న పొడుగాటిది మూలుగ తీసే స్కూపు. ఒక పక్క వెడల్పు, ఒక పక్క సన్నం, ఎముక లావుని బట్టి వాడుకోవడానికి. పద్దెనిమిదో శతాబ్దంలో కాల్చిన ఎముకలోని మూలుగ పెద్దింటి విందుల్లో గొప్ప వంటకం. మీ ఇంట్లో నల్లీ బొక్కలతో పులుసు చేస్తే అది తీసి బల్ల మీద పెట్టండి, ఎముకని పళ్ళానికి కొట్టి విదిలించే అవసరం ఉండదు, చేసిన పనికే మళ్ళీ అది వాడకంలోకి వస్తుంది. దాని మీద ముద్రలు ఉన్నాయేమో మాత్రం జాగ్రత్తగా చూడండి, వెండిది అయితే మీ పెట్టె మొత్తంలో అన్నిటికంటే పాతది అదే అవ్వచ్చు.

మరి ఒక్కో మనిషి ముందు ఇన్ని ఎందుకు పేరుస్తారు? పాత ఫ్రెంచి పద్ధతిలో వంటకాలన్నీ ఒకేసారి బల్ల నిండా పెట్టేసేవాళ్ళు, ఎవరికి అందింది వాళ్ళు తీసుకునేవాళ్ళు. రష్యన్ పద్ధతిలో ఒకటయ్యాక ఒకటి వడ్డిస్తారు. పారిస్‌లో రష్యా రాయబారిగా ఉన్న కురాకిన్ 1810 ప్రాంతంలో దీన్ని అక్కడ పరిచయం చేశాడని చెప్తారు, తర్వాత మెల్లమెల్లగా ఇంగ్లండ్ ఇళ్ళకీ ఎక్కింది. మన వడ్డన ఇదే కదండీ, పప్పయ్యాక కూర, పులుసు, చివర పెరుగు, వరస తప్పితే పెద్దవాళ్ళు ఊరుకోరు. కాకపోతే మనకి ఆకు మారదు, చెయ్యి మారదు, వాళ్ళకి ప్రతి వంటకానికీ పళ్ళెం మారుతుంది, చేతిలో పనిముట్టు మారుతుంది. అందుకే బయటి నుంచి లోపలికి వాడుకుంటూ రావాలి అనే ఒక్క సూత్రం. మొదట వచ్చేదానికి సంబంధించింది అన్నిటికంటే బయట ఉంటుంది, అంతే.

అసలు ఫోర్కే వాళ్ళకి కొత్త వస్తువు. థామస్ కోర్యాట్ అనే ఆయన ఇటలీలో ఫోర్కుతో తినడం చూసొచ్చి 1611లో రాస్తే సొంతూరివాళ్ళే ఎగతాళి చేశారు. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో 1632 నాటి రెండు ముళ్ళ వెండి ఫోర్కు ఉంది, ముద్ర ఉన్న ఇంగ్లీషు ఫోర్కుల్లో అంత పాతది ఇంకోటి దొరకలేదు. అంతకుముందు అంతా చాకు, స్పూను, చెయ్యి.

మీ బల్ల ఇలా పేర్చండి. సూపు, చేప, ప్రధాన వంటకం, స్వీటు, ఈ నాలుగే పెట్టుకోండి, ఎక్కువొద్దు. పళ్ళేనికి కుడివైపు బయట సూపు స్పూను, దాని లోపల చేపచాకు, పళ్ళేన్ని ఆనుకుని పెద్ద చాకు, చాకుల పదును పళ్ళెం వైపు తిరిగి ఉండాలి. ఎడమవైపు బయట చేపఫోర్కు, లోపల పెద్ద ఫోర్కు. పిడుల కింది అంచులన్నీ ఒకే గీతలో, బల్ల అంచుకి బొటనవేలి వెడల్పు ఎడంగా. స్వీటు స్పూను, ఫోర్కు పళ్ళేనికి పైన అడ్డంగా, స్పూను పిడి కుడివైపు, ఫోర్కు పిడి ఎడమవైపు. రొట్టె పెట్టే చిన్న ప్లేటు ఎడమ పక్కన, గ్లాసులు కుడి పక్కన చాకుల పైన. సూపు స్పూన్లు, స్వీటు స్పూన్లు మీ పెట్టెలో లేవు కాబట్టి ఇంట్లో ఉన్న మంచి స్టీలువి కలపండి, ఏం తప్పు లేదు, పాత ఇళ్ళల్లో కూడా అన్నీ ఒకే సెట్టువి ఉండవు.

ఫోర్కు ముళ్ళు పైకి పెట్టాలా కిందికి పెట్టాలా అని అడిగారు. దీనికి మీ ఫోర్కే జవాబు చెప్తుంది. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో ఫ్రెంచివాళ్ళలాగే ఇంగ్లండులోనూ బోర్లా పెట్టేవాళ్ళు, అందుకే అప్పటి ఫోర్కులకి వంశచిహ్నం వెనకవైపు చెక్కి ఉంటుంది. మీ ఫోర్కులు కాడ చివర ఫిడేలు ఆకారంలో ఉన్నాయి, పక్షి బొమ్మ ముందువైపు ఉందన్నారు, అంటే ముళ్ళు పైకే. బొమ్మ ఎటుంటే అటు పైకి, ఇంకేం ఆలోచించకండి.

తినేటప్పటి పద్ధతులు కొన్ని. సూపు స్పూనుని మన వైపు కాకుండా అవతలి వైపు తోస్తూ తీసుకుంటారు, స్పూను పక్క అంచు నుంచి చప్పుడు లేకుండా తాగుతారు. రొట్టెని చాకుతో కొయ్యరు, చేత్తో తుంచి ఆ ముక్కకే వెన్న రాసుకుంటారు. ఇంగ్లీషువాళ్ళు ఫోర్కుని ఎడమచేతిలోనే, ముళ్ళు కిందికి ఉంచి తింటారు, అమెరికాలో కోసాక చేతులు మార్చుకుంటారు, మీ అమ్మాయికి ఈ తేడా తెలిసే ఉంటుంది. మధ్యలో ఆగితే చాకు ఫోర్కు విడివిడిగా ఏటవాలుగా, అయిపోతే రెండూ పక్కపక్కన, గడియారంలో ఆరున్నర అయినట్టు. ఈ ఆఖరిది మాత్రం ఇంట్లో అందరికీ చెప్పండి, వడ్డించేవాళ్ళకి అదే సైగ, మనం ఆకు మడిచినట్టు.

నా అభిప్రాయం ఒకటి చెప్పనా? మొత్తం భోజనం ఫోర్కుల మీద నడపకండి. సూపు, ఆ తర్వాత కొరమీను వేపుడు ముక్కలు చేపసెట్టుతో, ఇది చాలా అందంగా ఉంటుంది. ఆ తర్వాత బల్ల తుడిచి అరిటాకులు వేసి పప్పన్నం, నెయ్యి, గుత్తొంకాయ, పెరుగు చేత్తోనే తినమనండి. పప్పన్నం ఫోర్కుతో తింటే రుచి తెలీదు, వాళ్ళ పద్ధతికి మీరెంత గౌరవం ఇస్తున్నారో మన పద్ధతికి వాళ్ళూ అంతే గౌరవం ఇస్తారు, వచ్చిన చుట్టాలకి అదే ఎక్కువ గుర్తుంటుంది. తిన్నాక చెయ్యి కడుక్కోవడానికి ఇత్తడి చెంబుతో నీళ్ళు పట్టండి, వాళ్ళ పాత విందుల్లో కూడా పళ్ళు తినే ముందు వేళ్ళు ముంచుకునే గాజు గిన్నెలు ఇచ్చేవాళ్ళు కాబట్టి వాళ్ళకది కొత్తగా ఉండదు.

ఇప్పుడు పసుప్పచ్చ పిడుల చాకులు, దీన్ని దయచేసి జాగ్రత్తగా చదవండి. ఆ పిడి ఏనుగు దంతమా, సెల్యులాయిడా (దంతంలా కనపడే పాతకాలం ప్లాస్టిక్కు) అన్నది ముందు తేలాలి. పిడి అడుగు చివరని భూతద్దంతో చూడండి. దంతమైతే అక్కడ ఒకదాన్నొకటి దాటుకుంటూ పోయే సన్నటి వంపు గీతలు, మగ్గం మీద గళ్ళలాగా కనపడతాయి. సెల్యులాయిడ్ అయితే పక్కల వెంట మరీ తిన్నగా, సమానంగా, అచ్చుపోసినట్టుండే చారలు. ఎముకైతే చిన్నచిన్న నల్ల చుక్కలు. కాల్చిన సూది గుచ్చి చూడమని ఎవరైనా చెప్తే అస్సలు చెయ్యకండి, సెల్యులాయిడ్ భగ్గుమంటుంది.

దంతమని తేలితే అమ్మడం మాట మర్చిపోండి. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దంతం వ్యాపారం నేరం, దగ్గర ఉంచుకోవడానికీ నిబంధనలున్నాయి కాబట్టి అటవీశాఖ వాళ్ళని అడగండి. బ్రిటన్లో కూడా 2018లో చేసిన దంతం చట్టం 2022 జూన్ నుంచి అమల్లో ఉంది. మంచి మనసుతో వియ్యంకులకి కానుకగా ఇచ్చి పంపితే విమానాశ్రయంలో వాళ్ళు ఇరుక్కుంటారు. వెండి ఫోర్కుల విషయంలోనూ అంతే, వందేళ్ళు దాటిన కళావస్తువుల్ని అనుమతి లేకుండా దేశం దాటించకూడదని 1972లోనే ఇంకో చట్టం ఉంది. వాటితో భోజనం పెట్టండి, ఇచ్చి పంపకండి.

ఆ చాకుల రేకు మీద స్టెయిన్‌లెస్ అని రాసుంటే అవి హ్యారీ బ్రియర్లీ 1913లో షెఫీల్డులో తుప్పుపట్టని ఉక్కు తయారుచేశాక వచ్చినవి. ఆ మాట లేకుండా నల్లగా మచ్చలు మచ్చలుగా ఉంటే పాత ఉక్కు, కడగ్గానే పొడిగుడ్డతో తుడిచి పలచగా నూనె రాయాలి. ఏ రకమైనా పిడిని వేడినీళ్ళలో ముంచొద్దు. లోపల రేకు తోకని లక్కలాంటి బంకతో అతికించి ఉంటుంది, అది కరిగి పిడి ఊడి చేతికొస్తుంది, దంతమైతే చీలుతుంది. పాతకాలంలో నౌకర్లు ఒక జగ్గులో రేకు మునిగేంత వరకే నీళ్ళు పోసి, చాకుల్ని పిడులు బయటికుండేలా నిలబెట్టి కడిగేవాళ్ళు. మీరూ అలాగే చెయ్యండి. డిష్‌వాషర్ అయితే మొత్తం సెట్టులో ఏ ఒక్కదానికీ వద్దు.

తోమడం గురించి, మన ఇళ్ళల్లో వెండికి విభూది పెట్టి రుద్దుతాం, మా ఇంట్లోనూ అదే. లావుపాటి వెండి కంచానికి పర్వాలేదు గానీ ఈ.పి.ఎన్.ఎస్. మీద వద్దు, పూత వెంట్రుక మందం కూడా ఉండదు, రుద్దిన ప్రతిసారీ కొంచెం పోతుంది. స్పూను వీపు మీద, ఫోర్కు ముళ్ళ చివర పూత పోయి పసుపు బూడిద రంగు కనపడుతుంటే ఇప్పటికే ఎవరో బాగా రుద్దారని అర్థం. సబీనా, పీచు, టూత్‌పేస్టు ఏదీ వద్దు. గోరువెచ్చటి నీళ్ళు, కొంచెం గిన్నెల సబ్బు, మెత్తటి నూలుగుడ్డ, ఆ తర్వాత వెండి కోసం అమ్మే క్రీమో ఫోమో వేలితో అద్దినంత. అల్యూమినియం రేకు, వంటసోడా, వేడినీళ్ళ చిట్కా వీడియోల్లో చూపిస్తారు, నలుపు పోతుంది నిజమే, కానీ చెక్కడం లోపల ఉండాల్సిన నల్లటి నీడ కూడా పోయి వస్తువు సుద్దముక్కలా తెల్లబోతుంది, ఇక ఆ పక్షి బొమ్మ కళ కోల్పోతుంది. నేనైతే చెయ్యను.

తుడిచాక రబ్బరు బ్యాండు వేసి కట్టకండి, ఇది చాలామంది చేసే తప్పు. రబ్బరులో గంధకం ఉంటుంది, కొన్నేళ్ళయ్యాక ఫోర్కు కాడ మీద నల్లటి గీత పడుతుంది, అది వెండిలోకి దిగిపోతుంది, ఎంత మెరుగు పెట్టించినా జాడ ఉంటుంది. పాత పంచె గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టండి.

ఇంకో విషయం. మద్రాసు వేలంలో కొన్నారు కాబట్టి పెట్టె అడుగు అర కూడా లేపి చూడండి. మద్రాసులో పి. ఓర్ అండ్ సన్స్ వాళ్ళు వెండి మీద మన దేవుళ్ళ బొమ్మలు ఉబ్బెత్తుగా తీర్చి దొరల కోసం టీ సెట్లు, స్పూన్లు చేసేవాళ్ళు, దాన్ని ఇప్పటికీ స్వామి వెండి అనే అంటారు, 1875-76లో ప్రిన్స్ ఆఫ్ వేల్స్ వచ్చి వెళ్ళినప్పుడు ఆయన తీసుకెళ్ళిన కానుకల్లో ఆ కంపెనీ టీ సెట్టు కూడా ఉంది. కృష్ణుడో వినాయకుడో ఉన్న స్పూను ఒక్కటి దొరికినా నాకు తప్పకుండా చెప్పండి, మన ప్రాంతం కంసాలి చెయ్యి, ఇంగ్లీషు బల్ల రెండూ ఒకే వస్తువులో ఉంటాయి, నాకు అన్నిటికంటే ఇష్టమైన వెండి అదే.

వీలైతే విందుకి ముందు హైదరాబాదులో ఫలక్‌నుమా భోజనాల బల్ల కూడా చూసి రండి, 101 మంది ఒకేసారి కూర్చునే బల్ల, పేర్చినప్పుడు ఆ వరస చూస్తే నేను పైన చెప్పిందంతా కళ్ళకి కట్టినట్టు అర్థమవుతుంది. కుదరకపోతే ఒక రోజు ముందే ఇంట్లో ఒక కుర్చీకి పేర్చి, మీరే కూర్చుని సూపు నుంచి స్వీటు దాకా ఒకసారి తిని చూడండి, చెయ్యి ఎక్కడ తడబడుతుందో తెలుస్తుంది.

విందయ్యాక ఆకులు, ఎంగిలి బయట పారేసేముందు ఒక్కొక్క రకం లెక్కపెట్టి పెట్టెలో సర్దండి, ఫోర్కులు 12, చేపవి 12 జతలు, చాకులు 12, గుడ్డువి 6, ఉప్పువి 4, స్కూపు 1. పన్నెండు ఉండాల్సినచోట పదకొండు ఉన్న సెట్లు నా దగ్గరికి ఎన్నో వస్తాయి, ఆ పన్నెండోది దాదాపు ఎప్పుడూ ఎంగిలితో పాటు చెత్తలోకే పోయుంటుంది. ఫోర్కు వెనక ముద్రలవి, ముందు ఆ పక్షిది, స్కూపుది ఫోటోలు తీసి పెట్టండి, ఏ సంవత్సరానివో చూసి చెప్తా.